పని వెతకనివాళ్ళ గడి

టీ గ్లాసు మూడోసారి కూడా నిండుగానే వెనక్కి వచ్చింది.

తల్లి మెట్లు దిగి వచ్చి దాన్ని బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టింది. మేడ మీద గది తలుపు నిన్న సాయంత్రం మూసుకున్నది మూసుకున్నట్టే ఉంది.

"గడియ తియ్యడం లేదు. 'నాకేం వద్దమ్మా' అని లోపల్నించే అంటోంది. నిన్న మధ్యాహ్నం తిన్నదే తిండి."

పోగక్క తలెత్తలేదు. కిటికీ పక్కన కూర్చుని, స్థూల ఆర్థికశాస్త్రం పుస్తకంలో నిరుద్యోగం అధ్యాయం తెరిచి, పెన్సిల్‌తో ఒక్కో వాక్యం కింద గీత గీస్తోంది.

"నిన్నేనే. ఏం చేశావు దాన్ని?"

"ఒక్క ప్రశ్న అడిగానమ్మా. క్లాసులో పిల్లలు టీచర్ని ప్రశ్నలు అడగరా?"

"నువ్వు పిల్లవా? నలభై నాలుగేళ్ళు నీకు."

"ఫీజు కట్టాక అందరూ పిల్లలే."

తల్లికి నవ్వు రాలేదు. చెప్పిన పోగక్కకీ రాలేదు.

దారం మిల్లులో ఇరవై ఏడేళ్ళు తెగిన పోగులు అతికింది ఆమె. ఆ షెడ్డులో ఆమెకన్నా వేగంగా పోగు అతికేవాళ్ళు లేరు కాబట్టి చిన్నా పెద్దా అందరూ పోగక్క అనేవాళ్ళు. మిల్లు మూతపడి రెండేళ్ళయింది. పేరు మాత్రం మూతపడలేదు. ఇప్పుడు సాయంత్రం కాలేజీలో తన వయసులో సగం కూడా లేని పిల్లలు కూడా ఆమెను ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

ఆ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పేది ఆమె చెల్లెలు. ఇంట్లో చిట్టి, కాలేజీలో మేడం.

"ఏం ప్రశ్న అడిగావు?" అంది తల్లి, ఎదురుగా కుర్చీ లాక్కుని.

పోగక్క పెన్సిల్ పక్కన పెట్టింది. చెప్పాలనే ఉంది. నిన్నటి నుంచి ఆ మాటల్ని నోట్లో తిప్పుకుంటూ ఉంది.

* * *

ఐదింటి క్లాసు. అరవై మంది పిల్లలు. చిట్టి బోర్డు మీద మూడు గడులు గీసింది.

"మొదటి గడిలో పని చేస్తున్నవాళ్ళు. రెండో గడిలో పని లేక, పనికోసం వెతుకుతున్నవాళ్ళు. ఈ రెండు గడులూ కలిపితే శ్రామిక శక్తి. మూడో గడిలో పని చెయ్యనివాళ్ళు, వెతకనివాళ్ళు. వీళ్ళు శ్రామిక శక్తికి బయట. నిరుద్యోగ రేటు కావాలంటే రెండో గడిని శ్రామిక శక్తితో భాగించండి. మూడో గడితో మనకి పని లేదు."

బాగా చెబుతుంది చిట్టి. మొద్దు బుర్రకి కూడా ఎక్కేలా చెబుతుంది. ఆ సంగతి ఒప్పుకోవలసి వచ్చిన ప్రతిసారీ పోగక్క పళ్ళు నూరుకునేది. జాతీయాదాయం, ద్రవ్యోల్బణం, వడ్డీ రేట్లు అన్నీ ఓపిగ్గా వింటూ మూడు నెలలు ఆమె కాచుకు కూర్చున్నది ఈ అధ్యాయం కోసమే.

చెయ్యి పైకెత్తింది.

"ఒక చిన్న అనుమానం మేడం. వందమందిలో పదిమందికి పని లేదు. పది శాతం. ఆ పదిమందిలో ఐదుగురు తిరిగి తిరిగి కాళ్ళరిగి, ఇక లాభం లేదని ఇంట్లో కూర్చున్నారు. అప్పుడు?"

చిట్టి బోర్డు వైపే చూస్తూ చెప్పింది. "వాళ్ళు మూడో గడిలోకి పోతారు. మిగిలిన తొంభై అయిదుమందిలో ఐదుగురు. సుమారు ఐదు శాతం."

"అంటే నిరుద్యోగం సగానికి తగ్గింది."

"లెక్క ప్రకారం తగ్గింది."

"ఎంతమందికి పని దొరికింది మేడం?"

"ఎవరికీ దొరకలేదు."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పోగక్క కూర్చోలేదు.

"ఇంకొక్కటి. ఒకాయన రోజూ పొద్దున్నే క్యారియర్ పట్టుకుని మూసేసిన మిల్లు గేటుదాకా వెళ్ళి వచ్చేవాడు. ఒకరోజు రాలేదు. దారిలోనే పడి పోయాడు. ఆయన్ని ఏ గడిలో వెయ్యమంటారు?"

పిల్లలకి అది ప్రశ్న. ఆ ఇద్దరికీ కాదు. ఆ పోయినాయన పోగక్క భర్త, మిల్లులో ఫిట్టరు. చిట్టి ఆయన్ని బావా అని పిలిచేది. ఆయన పోయిన నెలకి చిట్టి రాసిన నివేదిక అచ్చయింది: దారం మిల్లు మూతపడ్డాక పట్టణంలో నిరుద్యోగం పెరగలేదు సరికదా, తగ్గింది.

చిట్టి సుద్దముక్క బల్ల మీద పెట్టింది. చేతులు దులుపుకుంది. హాజరు పుస్తకం తీసుకుని, ఇంకా ఇరవై నిమిషాల టైముండగానే క్లాసులోంచి వెళ్ళిపోయింది.

* * *

అంతా విన్న తల్లి బల్ల మీద చేతులు ఆనించింది.

"నలుగురిలో దాన్ని అలా నిలబెడతావా? నీ చెల్లెలే అది."

"పోయినాయన నా మొగుడే అమ్మా."

పైన గడియ తీసిన చప్పుడైంది. తల్లి గబగబా లేచి స్టవ్ వెలిగించింది. చిట్టి స్నానం చేసి, కాలేజీకి కట్టుకునే చీరలో దిగి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి కానీ జుట్టు మాత్రం నున్నగా దువ్వుకుంది. అక్క వైపు చూడకుండా మంచినీళ్ళు వంచుకుని తాగింది.

"అడగాలనుకుంటే ఇంట్లో అడగొచ్చుగా," అంది గ్లాసు దించుతూ.

"ఇంట్లో నువ్వు చెల్లివి. చెల్లిని ఏమడుగుతాను? అక్కడైతే మేడంవి. జవాబు చెప్పే ఉద్యోగం నీది."

"నువ్వు కాలేజీలో చేరింది చదువుకోవడానికి కాదు."

"కాదు. నిన్ను నీ భాషలో తిట్టడానికి చేరాను. నా భాషలో తిడితే నీకు తగలడం లేదు. ఏడ్చి చూశాను. అరిచి చూశాను. 'స్వల్పకాలంలో కొంత సర్దుబాటు తప్పదక్కా' అన్నావు. గుర్తుందా? ఆయన పన్నెండో రోజున అన్నావు."

చిట్టి ఖాళీ గ్లాసు బోర్లించింది.

"ఆ సర్దుబాటు ఆయనే," అంది పోగక్క.

స్టవ్ మీద పాలు పొంగాయి. తల్లి కట్టెయ్యడం మరిచిపోయి నిలబడింది. చిట్టే చెయ్యి చాచి కట్టేసింది.

"సోమవారం విచారణ ఉంది," అంది చిట్టి. గొంతు ఇప్పుడు క్లాసులో గొంతులా ఉంది. "మిల్లు పక్క నేత షెడ్డు కూడా మూసెయ్యాలా వద్దా అని విచారణ సంఘం తేలుస్తుంది. కాలేజీ హాల్లోనే. నా రిపోర్టు మీదే మాటలన్నీ. నువ్వు రాకు."

"అందరూ రావచ్చని నోటీసు బోర్డులో పెట్టారు."

"రాకు అంటున్నాను."

"వస్తాను అంటున్నాను."

తల్లి ఇద్దరి మధ్యకీ వచ్చింది. పెద్దకూతురి చెయ్యి పట్టుకుంది. "నామాట వినవే. నువ్వు వెళ్ళొద్దు. నీకు దణ్ణం పెడతాను."

పోగక్క ఆ చేతిని మెల్లగా విడిపించుకుంది. చిట్టి చెప్పులు వేసుకుని, టీ తాగకుండానే బయటికి నడిచింది.

తండ్రి పోయినప్పుడు పోగక్కకి పదిహేనేళ్ళు. ఆయన ఖాళీ చేసిన చోట మిల్లులో చేరింది. చిట్టి చదివింది. ఈ మాట పోగక్క ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెల్లెలితో అనలేదు. మంచితనంతో అనక కాదు. అవసరం వచ్చినరోజున అనొచ్చని దాచుకుంది. ఇప్పుడు అనవలసిన అవసరం కూడా కనపడటం లేదు. అంతకన్నా పదునైనది చేతికి దొరికింది.

* * *

శనివారం కుట్టు కేంద్రంలో సగం పూట పని ముగించుకుని, పోగక్క మిల్లు వెనక వీధుల్లోకి నడిచింది. వెంట కళ్ళజోడు పిల్ల. క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయి. దాని తండ్రి నేత షెడ్డులో మగ్గం మీద ఉన్నాడు. సోమవారం తేలబోయేది ఆయన పని కూడా.

ఇంటింటికీ అవే మూడు ప్రశ్నలు. మిల్లు పోయాక పనికోసం వెతికారా? ఎన్నాళ్ళు వెతికారు? చిట్టి నివేదిక కోసం సర్వేకి వచ్చినవాళ్ళకి ఏం చెప్పారు? పోగక్క అడిగితే కళ్ళజోడు పిల్ల రూళ్ళ పుస్తకంలో రాసింది.

మొదటి ఇంట్లో దారం చుట్టే బాబిన్లు మార్చిన ఆవిడ. ఏడాది వెతికింది. రెండో ఇంట్లో దూది గదిలో పనిచేసినాయన. రెండేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాడు. మూడో ఇల్లు, నాలుగో ఇల్లు, అందరూ వెతికినవాళ్ళే. పుస్తకం నిండే కొద్దీ పోగక్క నడక వేగం పెరిగింది. చెల్లెలి నివేదికలో ఈ వీధిలో మూడొంతుల మంది "పని వెతకనివారు."

"సర్వేకి మరి ఏం చెప్పారు?" అని ఆమె మేస్త్రీని అడిగింది. ఒకప్పుడు ఆయన కేకేస్తే షెడ్డంతా ఉలిక్కిపడేది. ఇప్పుడు గుమ్మంలో కూర్చుని విరిగిన గొడుగు బాగుచేసుకుంటున్నాడు.

"వెతకడం లేదని చెప్పాను."

"వెతుకుతున్నారు కదా!"

"వెతుకుతున్నాను. ఆ వచ్చింది ఎవరనుకున్నావు? నీ చెల్లెలి దగ్గర చదివే పిల్లలు. పెన్నులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. 'పనికోసం తిరుగుతున్నారా తాతగారూ' అంటే, అవును నాయనా, ఊరంతా తిరిగి ఛీ కొట్టించుకుని వస్తున్నాను అని చెప్పమంటావా? విశ్రాంతి తీసుకుంటున్నానని చెప్పాను. అంతే. పోగక్కా, మనిషన్నాక కాస్త పరువు ఉంటుంది."

బాబిన్లావిడా అదే చెప్పింది. దూది గది ఆయనా అదే చెప్పాడు.

అబద్ధం చెల్లెలు రాసిందని పోగక్క ఏడాదిగా నమ్ముతోంది. ఇక్కడ చూస్తే అందరూ తలా ఒక అబద్ధం చెప్పి చిట్టి చేతిలో పెట్టారు. ఆ ఆలోచనని అక్కడే తుంచేసింది. చెప్పినవాళ్ళది పరువు. రాసినదానిది చదువు. చదువుకున్నది తెలుసుకోవద్దూ?

తిరిగి వస్తుంటే కళ్ళజోడు పిల్ల అడిగింది. "అక్కా, సోమవారం మీరు మా షెడ్డు కోసం మాట్లాడతారా, మేడం మీద కోపంతో మాట్లాడతారా?"

"రెండూ ఒకటే."

"కాదక్కా. కోపంతో మాట్లాడితే వాళ్ళు ఇదంతా ఇంటి గొడవ అని కొట్టేస్తారు. అప్పుడు మా నాన్న గతేంటి?"

నిజం చెప్పాలంటే ఈ వారంలో పోగక్కకి నేత షెడ్డు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. కళ్ళు మూసుకుంటే కనపడేది ఒక్కటే: నిండు సభలో మైకు ముందు చెల్లెలు నోట మాట రాక నిలబడటం. దాన్ని చూస్తే చాలు. ఆ తర్వాత ఏమైనా కానీ.

* * *

ఆదివారం మధ్యాహ్నం చిట్టి తనంతట తానే కిందికి వచ్చింది. చంకలో కాగితాల కట్ట.

"ఇంటింటికీ తిరిగావటగా. పుస్తకం చూపించు."

పోగక్క ఒక్క క్షణం ఆలోచించింది. దాచవలసిన అవసరమేముంది? చూసి భయపడనీ. పుస్తకం బల్ల మీదికి తోసింది.

చిట్టి కుర్చీలో కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది. చదువుతూ చదువుతూ, అలవాటుగా, పెన్సిల్ తీసుకుంది.

"ఈ ఇంటిని రెండుసార్లు లెక్కేశావు. ఇక్కడ కూడిక తప్పు. ఈయన వయసు డెబ్భై రెండు, ఈయన్ని శ్రామిక శక్తిలో వేస్తే వాళ్ళు మొదటి ప్రశ్నకే నిన్ను కూర్చోబెడతారు." తప్పుల చుట్టూ సున్నాలు చుట్టింది. "మిగతాది బాగుంది. పట్టిక బాగా గీశావు."

పోగక్క ఒళ్ళు మండింది. తిట్టినా బాగుండేది. తనని పొడవడానికి తెచ్చిన కత్తిని తీసుకుని, సరిగ్గా నూరలేదని చెబుతోంది.

"నీ మార్కులు నాకక్కర్లేదు. ఎందుకొచ్చావో చెప్పు."

చిట్టి కాగితాల కట్టలోంచి ఒకటి లాగి, అక్క ముందు పెట్టింది. సర్వే కాగితం. పైన ఇంటి నంబరు. తమ ఇల్లే.

భర్త: పని చేయడం లేదు. వెతకడం లేదు. కారణం: విశ్రాంతి.

భార్య: ఇంటిపని. వెతకడం లేదు. కారణం: అవసరం లేదు.

పోగక్క రెండుసార్లు చదివింది. ఆ నెలల్లో ఆమె పొద్దున్న ఏడింటికల్లా కుట్టు కేంద్రాల గుమ్మాల ముందు నిలబడేది. చెప్పులు రెండు జతలు అరిగాయి.

"ఎవరు చెప్పారు ఇది?"

చిట్టి వేలు కాగితం అడుక్కి జరిగింది. చెప్పినవారి సంతకం. నాలుగు వంకర అక్షరాలు. అందులో చివరిది ఎప్పుడూ గీత దాటి కిందికి జారుతుంది. ఆ సంతకం ఎవరిదో ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ అడగనక్కర్లేదు.

వంటగది గుమ్మంలో తల్లి నిలబడి ఉంది.

"అమ్మా?"

"ఎవరో పిల్లలొచ్చారే," అంది తల్లి. "నువ్వు లేవు, అతనూ లేడు. అడిగారు. ఏం చెప్పమంటావు? మా అల్లుడు మూసిన గేటుకి రోజూ వెళ్ళి దణ్ణం పెట్టి వస్తున్నాడని చెప్పనా? నా కూతురు కనపడిన గుమ్మమల్లా ఎక్కి దిగుతోందని చెప్పనా? మీ పరువు కాపాడాననుకున్నాను. అది ఇలా లెక్కలోకి పోతుందని నాకేం తెలుసు?"



పోగక్క తల్లి మీద నుంచి చూపు తిప్పి చెల్లెలి మీద నిలిపింది. "రిపోర్టు రాసేముందు ఈ కాగితం చూశావా?"

"చూశాను."

"అబద్ధమని తెలుసా?"

"తెలుసు. బావ రోజూ నా కళ్ళముందే వెళ్ళేవాడు."

"మరెందుకు మార్చలేదు?"

"ఒకటి మారిస్తే అన్నీ మార్చాలి. ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళాలి. మళ్ళీ వెళితే అంకె మారిపోతుంది. రాయమన్నవాళ్ళకి ఆ అంకె కావాలి. నాకు పర్మనెంటు ఉద్యోగం కావాలి." చిట్టి గొంతు ఎక్కడా తడబడలేదు. ఈ మాటలు ఎన్నోసార్లు తనలో తాను చెప్పుకున్నట్టుంది. "విన్నావుగా. ఇన్నాళ్ళూ నువ్వు వినాలనుకున్నది ఇదే."

అవును, ఇదే. కానీ ఒక గదిలో, ముగ్గురి మధ్య కాదు.

"ఇదే మాట రేపు అక్కడ చెప్పిస్తాను నీచేత," అంది పోగక్క.

"చెప్పను. నువ్వు లేచి నన్ను అడిగావనుకో, నేను ఈ కాగితం పైకెత్తుతాను. వాళ్ళు చెప్పిందే రాశానంటాను. మొట్టమొదట మా ఇంటి కాగితమే చదువుతాను, సంతకంతో సహా. నేత షెడ్డు వాళ్ళందరూ హాల్లో ఉంటారు. మన కొంప ముంచింది ఈ ముసలమ్మేనా అని తల తిప్పి చూస్తారు. అదీ నీ ఇష్టమేనా?"

తల్లి గోడ పట్టుకుంది.

"అమ్మని అడ్డం పెట్టుకుంటావా?"

"నువ్వు పోయినాయన్ని అడ్డం పెట్టుకోలేదూ?"

చిట్టి కాగితాలు సర్దుకుని లేచింది. మెట్ల దగ్గర ఆగింది కానీ వెనక్కి తిరగలేదు. పైన తలుపు పడింది. ఈసారి గడియ వేసిన చప్పుడు వినపడలేదు.

ఆ సాయంత్రం తల్లి వంటగదిలోంచి బయటికి రాలేదు. పోగక్క తప్పులన్నీ దిద్దుకుంది. చెల్లెలు సున్నా చుట్టిన ప్రతిచోటా దిద్దింది.

* * *

సోమవారం పొద్దున్న తల్లి ఇస్త్రీ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"నేనూ వస్తాను."

"నన్ను ఆపడానికా?"

తల్లి చెప్పులు వెతుక్కుంటూ ఉండిపోయింది.

కాలేజీ హాలు కిక్కిరిసి ఉంది. నేత షెడ్డు నుంచి నాలుగు వందల మందీ వచ్చినట్టున్నారు. కూర్చోడానికి చోటు లేక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. కళ్ళజోడు పిల్ల తండ్రి పక్కన నిలబడి చెయ్యి ఊపింది. పోగక్క మూడో వరసలో కూర్చుంది, ఒళ్ళో రూళ్ళ పుస్తకం. పక్కన తల్లి. వేదిక మీద సంఘం అధ్యక్షుడు, ప్రిన్సిపాలు, చివరి కుర్చీలో చిట్టి. ఆమె ముందున్న ఫైలు పైన ఒకే ఒక్క కాగితం విడిగా ఉంది.

చిట్టి ఇరవై నిమిషాలు మాట్లాడింది. అంకెలు ఒక్కొక్కటే చెప్పింది. మిల్లు మూతపడకముందు నిరుద్యోగం పన్నెండు శాతం. మూతపడ్డ ఎనిమిది నెలలకి ఏడు. గోడల దగ్గర నిలబడ్డవాళ్ళలో గుసగుసలు రేగి అణిగాయి. మాట్లాడుతున్నంతసేపూ ఆమె మూడో వరస వైపు చూడలేదు.

"ఎవరైనా ఏదైనా అడగాలనుకుంటే అడగొచ్చు," అన్నాడు అధ్యక్షుడు.

పోగక్క పుస్తకం తెరిచింది. చిట్టి చెయ్యి ఫైలు మీది కాగితాన్ని తాకింది. లేద్దామని పోగక్క కుర్చీ చేతుల మీద బరువు మోపింది.

ఆమె కన్నా ముందు తల్లి లేచింది.

"బాబూ," అంది అధ్యక్షుడితో. మైకు లేకపోయినా ఆ గొంతు చివరి గోడదాకా వెళ్ళింది. "ఆ కాగితాల్లో ఒకటి నేను చెప్పి రాయించింది. అందులో ఉన్నది అబద్ధం. మా అల్లుడు పనికోసం వెతికాడు. నా కూతురు వెతికింది. సిగ్గుపడి లేదని చెప్పాను. తప్పు నాదే. దాన్ని కొట్టేసి మళ్ళీ రాసుకోండి."

హాలంతా చెవులు నిక్కబొడుచుకుంది. గోడ దగ్గర మేస్త్రీ, గొడుగు చంకలో పెట్టుకుని, ఒక అడుగు ముందుకి వేశాడు.

పోగక్క ఏడాదిగా కూడబెట్టుకున్న దెబ్బని అమ్మ ఒక్క నిమిషంలో చేతిలోంచి లాక్కుని, తన నెత్తిన వేసుకుంది. చెల్లెలి చేతిలో కాగితం ఇక ఎందుకూ పనికిరాదు. చిట్టికి ఇప్పుడు ఒకే ఒక్క దారి మిగిలింది, నిజం చెప్పడం. అమ్మ చిట్టిని కూడా కాపాడింది.

అధ్యక్షుడు పక్కకి వంగాడు. "మేడం, ఈవిడ మీకు తెలుసా?"

ఆ క్షణంలో పోగక్క కోరుకున్నది ఏమిటో తర్వాత ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది. తెలీదు అనాలి చిట్టి. నిండు సభలో కన్నతల్లిని ఎవరో అనాలి. అప్పుడిక దాన్ని జన్మలో క్షమించనక్కర్లేదు.

చిట్టి మైకు దగ్గరికి జరిపింది. మొదటిసారి మూడో వరస వైపు చూసింది.

"తెలుసండి. మా అమ్మ." ఆమె ముఖంలో బాధ కూడా ఉంది. నటించినదైతే కాదు. "మా బావ పోయిన దగ్గర్నించి మనిషి మనిషిలా లేదు. ఏం మాట్లాడుతోందో ఒక్కోసారి ఆవిడకే తెలియడం లేదు. ఇది మా ఇంటి విషయం, క్షమించండి. ఎవరైనా ఆవిడని కాస్త బయటికి తీసుకెళ్ళి మంచినీళ్ళు ఇప్పించగలరా?"

జాలిగా ఎవరో చప్పరించారు. ప్రిన్సిపాలు తల ఊపి, గుమ్మం దగ్గరున్న అటెండర్‌కి సైగ చేశాడు. మేస్త్రీ వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

తల్లి కూర్చుంది. మెల్లగా, కుర్చీ ఎక్కడుందో చేత్తో తడుముకుని మరీ కూర్చుంది. ముఖంలో రక్తం లేదు. కన్నీళ్ళు కూడా లేవు.

పోగక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "పద అమ్మా. ఇంటికి పోదాం." ఆ మాట తన నోటినుంచే వచ్చిందని తెలిసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. పగ అంతా ఎటుపోయిందో తెలీదు. అమ్మని ఈ చూపుల మధ్యనుంచి తప్పిస్తే చాలనిపించింది.

తల్లి ఆ చేతిని తోసేసింది.

పోగక్క ఒళ్ళో ఉన్న రూళ్ళ పుస్తకం తీసుకుంది. దాన్ని పెద్దకూతురి చేతిలో కుక్కి, ఆమె వేళ్ళని తన వేళ్ళతో దాని మీద బిగించింది. కళ్ళు మాత్రం వేదిక మీద నుంచి కదల్లేదు. నిన్నమొన్నటిదాకా వెళ్ళొద్దని బతిమాలిన మనిషి, దణ్ణం పెడతానన్న మనిషి, పళ్ళ బిగువున ఒకే ఒక్క మాట అంది.

"లే."

ఆ గొంతు విని పోగక్కకి మొదటిసారి భయం వేసింది. అటెండరు మూడో వరస దగ్గరికి వచ్చేశాడు. ఆమె లేచి నిలబడింది.